మంచి చెయ్యి

మా నాయిన జూలూరుపాడు కాడ ఆర్ఎంపీ డాక్టర్. శుక్రవారం పొద్దుగాల ఆమె వచ్చి షట్టర్ మీద చెయ్యి పెట్టందే క్లినిక్ తెరిచేటోడు కాదు. ఊరోళ్లు ఆమెను హిజ్రా అనేటోళ్లు, నేను అక్కా అనేదాన్ని. గట్టిగ చప్పట్లు కొట్టి, అరచెయ్యి షట్టర్‌కు ఆనించి, "మంచిగ నడవాలె బాపూ" అనేది. ఆమె చెయ్యి మంచిదని, బోణీ బాగైతదని నాయిన నమ్మకం. నాకు బిడ్డ పుట్టినప్పుడు కూడా పిలిపించి, పాప నెత్తి మీద ఆ చెయ్యే పెట్టించిండు.

మొన్న వానకాలం ఆమె జ్వరం, దగ్గుతోని వచ్చింది. అంతకుముందు ఖమ్మంల ఏదో దవాఖానకు పోతే, ఆడోళ్ల లైన్లకెల్లి మగోళ్ల లైన్లకు పొమ్మన్నరంట, అక్కడ నిలబడితే నవ్విన్రంట. మందు లేకుండనే బస్సెక్కింది.

నాయిన ఎవరు వచ్చినా ముందుగాల చెయ్యి పట్టి నాడి చూస్తడు. ఆమెను మాత్రం మెట్ల కిందనే ఆపి, గోళీలు పొట్లం కట్టిండు.

ఆమె చెయ్యి చాపింది. "జర పట్టి చూడు బాపూ. మంచి చెయ్యే గద."

నాయిన పొట్లాన్ని తగలకుండ పైకెల్లి ఆ చేతిల ఇడిచిండు. పాపను ఎత్తుకొని నేను పక్కనే ఉన్న. సిగ్గుతోని తల ఎత్తలేకపోయిన.

మళ్ల శుక్రవారం నాయిన మూసిన షట్టర్ ముందట నిలబడి ఆమె కోసం ఎదురుచూసిండు. ఏ మొఖం పెట్టుకొని పలకరియ్యాలె అని నేను ఇంట్ల కిటికీ కాడనే ఆగిన.

ఆమె వచ్చింది. పక్కకు తిరిగి దగ్గి, చెయ్యి కొంగుకు బాగ తుడుసుకొని, షట్టర్ మీద పెట్టింది.

"మంచిగ నడవాలె బాపూ."