బంతిలో పిన్ని అడిగిన మాత్ర

అన్నం ముద్దతో పాటు నమిలితే ఈ మాత్ర నోట్లో సుద్దలా పిండవుతుంది. మధ్యాహ్నం తిన్న బీరకాయ కూర రుచి దాని కింద ఎక్కడికో పోయింది. ఆ చప్పదనం నాలుకకు తగిలితే చాలు, నరసమ్మ పిన్ని మీద బెంగ పుట్టుకొస్తుంది.

ఆవిడ నాకు చుట్టమేమీ కాదు. బర్మామైన్స్ పేటలో మా సందు చివరి ఇల్లు ఆవిడది. ఇద్దరికీ కిడ్నీలు పాడయ్యాయి, ఇద్దరం ఒకే ఆటోలో డయాలసిస్‌కు వెళ్లేవాళ్లం. పాడైన కిడ్నీలు ఒంట్లోని భాస్వరాన్ని బయటికి పంపలేవనీ, అది కాల్షియంతో కలిసి రక్తనాళాల గోడల్లో పేరుకుని వాటిని బిరుసెక్కిస్తుందనీ డాక్టరు చెప్పారు. తిండిలోని భాస్వరాన్ని కడుపులోనే పట్టుకోవాలంటే మాత్రను భోజనం మధ్యలోనే నమలాలి. ఆ సంగతి తెలిసేసరికి పిన్నికి ఆలస్యమైపోయింది. "నా నరాలు రాయైపోనాయే అమ్మీ. నీయి ఇంకా మెత్తగున్నాయి, పాడుసేసుకోకు" అనేది.

నేనేమో కొత్త కోడల్ని. నా జబ్బు సంగతి ఇంట్లోవాళ్లకే తప్ప చుట్టాలకు తెలియదు. పదిమందిలో మాత్ర తీస్తే మా ఆయన్ని ఏమంటారోనని భయం. విందుల్లో భోజనమంతా అయ్యాక చెయ్యి కడుక్కుని, చాటుకు పోయి నమిలేదాన్ని. ఒకసారి పిన్ని పట్టేసింది. "తిన్నదంతా లోపలికి పోనాక ఇంకెవులికే కాపలా?" అని నవ్వింది.

ఆ తర్వాత పర్సుడీహ్‌లో మా చుట్టాలింట పెళ్లి, పిన్నినీ పిలిచారు. బంతిలో భాస్వరం ఎక్కువుండే మాంసం కూర వడ్డించారు. నా చెయ్యి పర్సు దాకా వెళ్లి ఆగిపోయింది. పక్కనున్న పిన్ని అందరికీ వినపడేలా, "అమ్మీ, నా మాత్ర ఇంటికాడ మర్సిపోనాను. మనిద్దరిదీ ఒకటే కదా, నీదొకటియ్యి. తోడుగా నువ్వూ నమలు" అంది. ఇద్దరం నమిలాం.

"ఏటి వదినా అది?" అంది ఎదురుగా ఉన్న మా పెద్దత్త.

"కూరలో రాళ్లేరడానికి" అంది పిన్ని. అందరూ నవ్వి, మళ్లీ తిండిలో పడ్డారు. చెయ్యి కడుక్కునేటప్పుడు చూశాను, పిన్ని రొంటిన నిండు మాత్రల అట్ట దోపి ఉంది. నాకు ఏడుపొచ్చింది.

పిన్ని గుండె ఎక్కువకాలం నిలవలేదు. నేను మాత్రం ఆ పెళ్లి తర్వాత ఏ బంతిలోనూ మాత్ర దాచలేదు. మొన్న స్కాన్ చూసి, నాళాల్లో కాల్షియం పెద్దగా పెరగలేదన్నారు డాక్టరు. మా ఆయన సంబరంగా వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. నాకు మాత్రం ఆ కబురు ఒక్కరికే చెప్పాలనిపించింది. ఆవిడ తన కోసం చేసుకోలేకపోయినదాన్ని నాకు చేసిపెట్టి వెళ్లింది. అది దక్కిందని చెబుదామంటే పిన్ని లేదు.