ఏడో గుర్తు దగ్గర మంచు

బాబాయిగారు పోయారన్న కబురు ప్రాక్టికల్ పరీక్షల మధ్యలో తెలిసింది. మా కాలేజీ ఫిజిక్స్ ల్యాబు గుమ్మంలో అటెండరు నిలబడి, "మేడమ్, మీ ఎదురింటి సర్వేయరుగారు పోయేరంటండి" అన్నాడు. అప్పుడు నా చేతిలో ఒక విద్యార్థిని లోలకం రీడింగులున్నాయి. గడియారం వంక చూడకుండా వేసిన అంకెలని తెలిసిపోతూనే ఉంది. పుస్తకంలో ఉన్న జవాబుకి వెంట్రుకవాసి తేడా లేకుండా వచ్చాయి. చింపి పారేద్దామనిపించింది. చింపలేదు. మార్కులు వేసి ఇంటికి బయలుదేరాను.

నాలుగో రోజున మా వీధివాళ్లు సంతాప సభ పెట్టారు. మంచుఖండాన్ని జయించిన కోనసీమ ముద్దుబిడ్డ అని మైకులో ఒకాయన అంటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. బాబాయిగారు దేన్నీ జయించలేదు. కొలిచారు. ఎనభైల్లో మన దేశం నుంచి అంటార్కిటికాకి వెళ్లిన ఒక బృందంలో ఆయన సర్వేయరు. అక్కడ బోడి రాళ్ల మీద ఎర్ర రంగుతో పదకొండు గుర్తులు వేసి, ఒక్కో గుర్తు నుంచి మంచు అంచు దాకా ఎంత దూరమో టేపుతో కొలిచి రాసుకున్నారు. మళ్లీ ఎన్నాళ్లకో ఎవరో వెళ్లి అదే రాయి దగ్గర నిలబడి కొలిస్తే, మంచు ఎంత వెనక్కి పోయిందో తెలుస్తుంది. అంతే ఆ పని. మొదటి కొలత సరిగ్గా లేకపోతే తర్వాతివాళ్లు ఎన్ని కొలిచినా దండగే.

తొంభైల మొదట్లో రిటైరై అమలాపురం వచ్చి మా ఎదురింట్లో దిగారు. చలి ఎలా ఉండేదండీ అని ఎవరడిగినా, "మన ఉక్క కంటే నయమేనండీ" అనేవారు. అక్కడ సిరా గడ్డకడుతుందని అలవాటైన పెన్సిలు, ఇక్కడికొచ్చాక కూడా జేబులోంచి తీయలేదు. పాలచీటీ కూడా పెన్సిలుతోనే రాసేవారు.

చుట్టుపక్కల గట్టు తగాదాలొస్తే ఆయన్నే పిలిచేవారు. టేపు అవతలి కొస పట్టుకున్నవాళ్లు అంకె గట్టిగా చెప్పాలి, ఈయన తిరిగి చెప్పాలి, వాళ్లు ఆయ్ అనాలి, అప్పుడే కాగితం మీద పడేది. ఒకసారి పి.గన్నవరం దగ్గర అన్నదమ్ముల కొబ్బరితోటలో పెద్దాయన చిన్నగా నవ్వి, మూరెడు అటు జరిపి రాయండి బాబాయిగారూ, మనం మనం ఒకటే కదా అన్నాడట. ఈయన టేపు చుట్టేశారు. "కొలిచింది రాస్తానండీ. రావలసింది రాయాలంటే టేపెందుకండీ?" అని, కాఫీ కూడా తాగకుండా బస్సెక్కి వచ్చేశారు.

అలాంటి మనిషి పరువు తీసింది నేను. సభలో చెప్పే ధైర్యం లేకపోయింది. ఇక్కడ రాస్తున్నాను.

రిటైరైన రెండేళ్లకి ఆయన పాత ఆఫీసు నుంచి ఆ కొలతల పుస్తకం, దానితో ఒక ఉత్తరం వచ్చాయి. మీ కొలతల పుస్తకం తడిసి, కిరసనాయిలు మరకలు పడి ఉంది, శుభ్రంగా తిరగరాసి, సంతకాలు చేసి, రెండూ పంపండి అని. ఆయన చెయ్యి అప్పటికే వణుకుతోంది. నా దస్తూరి బాగుంటుందని నాకిచ్చారు. ఆరో గుర్తు దగ్గర పన్నెండు మీటర్ల చిల్లర. ఎనిమిదో గుర్తు దగ్గర పద్నాలుగు. మధ్యలో ఏడో గుర్తు దగ్గర మూడు. ఆ మూడు పక్కన నీటి మరక ఉంది. ముందున్న ఒకటి చెరిగిపోయి ఉంటుందనుకున్నాను. అనుకుని పదమూడు అని గుండ్రంగా రాశాను.

ఎందుకు రాశానంటే, నాకు చదువు చెప్పినవాళ్లు అదే నేర్పారు, నేనూ పిల్లలకి అదే నేర్పుతున్నాను. మా ల్యాబుల్లో జవాబు ముందు, రీడింగు తర్వాత. వరసకి నప్పని అంకె కనిపిస్తే నప్పేలా చేసెయ్యడం మాకు చెయ్యి తిరిగిన విద్య. రికార్డు అందంగా ఉంటే మార్కులు పడతాయి. ఈ దిక్కుమాలిన అలవాటుకి పరీక్ష అని పేరు పెట్టుకుని ఏళ్ల తరబడి జీతాలు తీసుకుంటున్నాం.

రాసింది ఇచ్చినప్పుడు ఆయన కుర్చీ లాక్కుని, "నువ్వు చదువమ్మా, నేను తిరిగి చెప్తాను" అన్నారు. నాకు పేపర్లు దిద్దే తొందర. చూసే రాశానండీ, అక్కర్లేదు అన్నాను. ఆయన నా మాట మీద ప్రతి పేజీ కింద సంతకం పెట్టారు.

పదేళ్లు గడిచాక ఒక కుర్ర బృందం వెళ్లి ఆయన గుర్తులు వెతికి పట్టుకుని మళ్లీ కొలిచింది. ఆ పాత ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. బాబాయిగారికి కళ్లు ఆనడం లేదు, చదవమని నాకే ఇచ్చారు. ఆ మొదటి యాత్రలో ఎవరో తీసిన ఫొటోలో, మంచు నాలుకలా ముందుకొచ్చి, ఏడు అంకె ఉన్న రాయికి బాగా దగ్గరగా ఉందట. కాగితం మీద పదమూడు మీటర్లని ఉందట. ఈ కొలతలు కొలవకుండా డేరాలో కూర్చుని రాసినట్టున్నాయని, అందుకే ఆ ఏడాది లెక్కలు మొత్తం తీసేస్తున్నామని రాశారు. అసలు పుస్తకం సంగతి కూడా అందులోనే రాశారు, శుభ్రమైన ప్రతి వచ్చాక పాడైపోయినది ఉంచలేదట. మరక పడ్డ నిజం పారేసి అందమైన అబద్ధం బీరువాలో దాచుకున్నారు. పైగా ఆయన్ని అంటారు.

నేను అక్కడే ఏడ్చి చెప్పేశాను.

"ఆ మూడు కొలవడానికి బోర్లా పడుకున్నానమ్మా. మంచు కింద నీళ్లు పారుతున్నాయి. అక్కడే తడిసింది పుస్తకం" అన్నారు.

నేను తప్పు ఒప్పుకుని ఉత్తరం రాస్తానంటే వద్దన్నారు. "చదవకుండా సంతకం పెట్టినవాణ్ని నేను. నీ పేరు ఎందుకు?"

ఆ మాటకి నాకు హాయిగా అనిపించింది. అదీ నా సంగతి. ఉద్యోగం, పేరు భద్రంగా ఉన్నాయని ఊపిరి పీల్చుకున్నాను. ఆయన మీదా కోపమే నాకు. నన్నెందుకు కాపాడాలి? ఆ తర్వాత ఎవరైనా గట్టు కొలవడానికి పిలిస్తే కళ్లు కనపడవని చెప్పి పంపేసేవారు. కళ్ల ఆపరేషన్ అయి చూపు బాగుపడ్డాక కూడా అదే చెప్పేవారు.

ఆయన పోయిన వారానికి, అన్నీ ఒప్పుకుంటూ ఆ ఆఫీసుకి ఉత్తరం రాశాను. నెల తిరక్కుండా జవాబొచ్చింది. దిద్దుబాటు పరిశీలిస్తాం, జతచేసిన ఫారం నింపి పంపండి అని. ఫారం అడుగున గీత గీసి ఉంది. దాని కింద, కొలత తీసుకున్నవారి సంతకం.

దాన్ని పట్టుకుని బాబాయిగారి భార్య, పిన్నిగారి దగ్గరికి వెళ్లాను, ఆవిడకైనా నిజం చెప్పాలని. ఆవిడ పెన్షను కాగితాల కట్ట ముందేసుకుని కూర్చున్నారు. అంతా చెప్పాను. విని, "ఆయన ఉండగా రాయాల్సిందమ్మా" అన్నారు.

తర్వాత నా చేతిలోని ఫారం తీసుకుని, మిగతా కాగితాల్లాగే ఒళ్లో పరుచుకుని, ఆ గీత మీద వేలు పెట్టి, "ఇక్కడేనా?" అని అడిగారు. ఆవిడ సంతకం పెడితే బహుశా వాళ్లు ఒప్పుకునేవారు. ఎవరు చూస్తారు? నేను ఫారం వెనక్కి తీసుకున్నాను.

"అది మనం పెట్టకూడదు పిన్నిగారూ" అన్నాను.

ఆవిడ మూత తీసిన పెన్ను పట్టుకుని, ఇంకెక్కడ పెట్టాలో చెబుతానేమోనని నా వంక చూస్తూ కూర్చున్నారు.