సగం ఖాళీ సంచి

మా అత్త ఏనాడూ సంచి నిండ సామాను పెట్టలే.

బస్సులు సరిగ్గ లేని రోజులవి. ఆమె ఏటా బాసరకు నడిచే పోయేది. వారం పైననే పట్టేది. నేను కోడలుగ వచ్చిన ఏడు నన్ను గూడ రమ్మన్నది. ముందుగాల జమ్మికుంటల దర్జీ దగ్గరికి పోయి, వీపుకు తగిలించుకునే సంచి ఒకటి కుట్టియ్యమన్నది. ఆయన మందపు కాన్వాసు గుడ్డ చూపిస్తే చేతిల పట్టుకొని ఎత్తి చూసింది.

"ఖాళీగ ఉన్నప్పుడే గింత బరువుంటే ఎట్ల నడువాలె? పల్చటి నూలుబట్టతోని కుట్టు. జర పెద్దగ కుట్టు."

"నీ రెండు చీరలకు గంత పెద్దదెందుకవ్వా?" అన్నడు దర్జీ.

"నువ్వైతే కుట్టు."

తొవ్వల ఆమె ముందు, నేను వెనుక. సగం ఖాళీ సంచి ఆమె వీపు మీద ఊగుతుంటే, ఇదేం మొండితనమో అనుకున్న. మూడోనాటికి నా మడిమెలు పుండ్లయినయి. నెత్తి మీది మూట దించి తొవ్వ పక్కన కూలబడ్డ. కొత్త కోడలిని, అత్తతోని చెప్పాలంటే భయం.

ఆమె మర్లి చూసి వెనుకకు వచ్చింది. నా మూటను తన సంచిల పెట్టి, మూతి బిగించి కట్టింది.

"గిప్పుడు సరిపోయింది," అన్నది. "నడువు బిడ్డా."