మందు కొట్టిన రోజు ఎవరెవరు దిగారు?

మా అక్క పోయింది. సీడు పత్తి చేలల్లో పని జోరుగా నడుస్తున్న రోజుల్లో, గద్వాల దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక, పట్టపగలు పోయింది. వరసకు నా పెద్ద తోటికోడలు. నాకు మాత్రం అక్కే. మా ఊరి ఆడకూలీల గుంపుకు పెద్ద ఆమె. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే రాసిన మాటలివి, ఒక్కటీ మార్చవద్దన్నాను.

విత్తనం కోసం వేసే ఈ సీడు పత్తి మా ఊరికి కొత్తగా వచ్చినప్పుడు నాకు పని నేర్పింది అక్కే. మధ్యాహ్నం ఆడ సాళ్లలో మొగ్గ ఒలవాలి. మర్నాడు పొద్దున్నే మగ సాళ్ల పువ్వు కోసుకొచ్చి దానికి అద్దాలి. గోరు లోతుగా దిగితే మొగ్గ చస్తుంది. నేను అలా చంపినప్పుడల్లా, "అది మొగ్గనా, మీ ఆడబిడ్డ చెంపనా? అంత కోపమేందే!" అని నవ్వేది. అందరి సద్ది మూటలూ విప్పి చూసేది. ఎవరి రొట్టె మీద కారం లేకపోతే వాళ్లకు తన కారం వేసేది. చేనులోకి మాత్రం ఎవర్నీ ముందు దిగనిచ్చేది కాదు. "ముందు నేను దిగుత. నన్ను జూసి దిగున్రి" అనేది.

విత్తనం కొనే కంపెనీవాళ్లు ఏటా తనిఖీకి మనుషులను పంపుతారు. కూలీలకు తాగే నీళ్లున్నాయా, పురుగుల మందు కొట్టిన రోజు చేనులోకి దింపుతున్నారా అని అడుగుతారు. కంపెనీకీ రైతులకూ నడుమ ఉండే ఆర్గనైజర్, వాళ్లు రాకముందే మాకు జవాబులు నేర్పించమని అక్కకు చెప్పేవాడు. అక్క అతని నల్ల కళ్లద్దాలు పెట్టుకుని గట్టు మీద కూర్చుని పట్నపోళ్లలాగ అడిగేది.

"ఏమ్మా, నీళ్లు ఇస్తున్నారా?"

"ఇస్తున్రు సార్!"

"మందు కొట్టిన రోజు దిగుతారా?"

"దిగం సార్!"

"గట్టిగ జెప్పున్రే, వారం దినాలు ఉపాసమున్నోళ్ల లెక్క జెప్తరేంది!"

పడీ పడీ నవ్వేవాళ్లం. నవ్వి, మందు తడి ఆరని చేనులోకే దిగేవాళ్లం. మొగ్గ ఆగదు కదా.

"తప్పు గాదా అక్కా?" అని ఒకసారి అడిగాను.

"తప్పే. పని పోతే కూలికి మళ్ల బొంబాయి బస్సెక్కాలె. సత్తెం వండుకొని తింటమా?" అంది.

ఈ ఏడు మందు కొట్టిన రోజునే అక్క సాలు చివర పడిపోయింది. దేనివల్లో డాక్టరు చెప్పలేదు. ఏ మందు కొట్టారని అడిగితే మాలో ఎవరికీ తెలియలేదు.

ఇంటికి తెచ్చాక కళ్లు మూసుకునే ఉండేది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి తెరిచింది. నోరు అక్కదే, గొంతు అక్కది కాదు.

"మందు కొట్టిన రోజు చేనులోకి ఎవరెవరు దిగారు?"

మేం నేర్చుకున్న వాటిలో ఆ ప్రశ్న లేదు. అయినా చూడవచ్చిన ఆడవాళ్ల నోళ్లు వాటంతటవే కదిలాయి: "ఎవ్వరం దిగలే సార్." అన్నాక ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్క జవాబు విన్నది, మళ్లీ అదే అడిగింది. వచ్చిన ప్రతివాళ్లనూ అడిగింది. ప్రతివాళ్లూ అదే అన్నారు. తరవాత రావడమే మానుకున్నారు.

నేనే చెవి దగ్గర కూర్చున్నాను. "నువ్వు దిగినవక్కా. నీ ఎనక నేను దిగిన. అందరం దిగినం."

"ఆఁ, గట్ల జెప్పు" అంది, తన సొంత గొంతుతో. చేనుకు పోయినవాళ్లు తిరిగిరాకముందే పోయింది.

దినాలు కాకముందే తనిఖీ వచ్చింది. "అవ్వా, ఇగ నువ్వే నేర్పియ్యాలె" అన్నాడు ఆర్గనైజర్. నేను ఎవరికీ నేర్పలేదు. వచ్చింది కొత్త మేడం, మా ఊరి ముఖం ఎన్నడూ చూడని మనిషి. ఆర్గనైజర్‌ను దూరంగా నిలబడమని చెప్పి మా వైపు తిరిగింది.

"మందు కొట్టిన రోజు చేనులోకి ఎవరెవరు దిగారు?"

అవే మాటలు. అక్క నోట విన్న అదే గొంతు. నా వెనక ఆడవాళ్లు ఒకరి కొంగు ఒకరు పట్టుకున్నారు.

"నేను దిగిన. మా అక్క దిగింది, సచ్చిపోయింది. ఈళ్లంత దిగిన్రు."

"ముసల్దానికి దుఃఖంల మతి తప్పింది మేడం!" అని అరిచాడు ఆర్గనైజర్.

"నా మతి సంగతి ఈళ్లనడుగు" అన్నాను.

ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఒక్కొక్కరే, గొంతులోనే, "దిగినం" అన్నారు.

ఆ పొద్దు నుంచి మమ్మల్ని పనికి పిలవలేదు. వచ్చే ఏడు పిలుస్తారో, బొంబాయి బస్సే దిక్కో తెలియదు. అక్క ఉంటే నన్ను తిట్టేదో, మెచ్చుకునేదో, అదీ తెలియదు.

మర్నాడు పొద్దు గూకేవేళ ఒక్కదాన్నే చేను దాకా పోయాను. మగ సాళ్లలో పువ్వు తెల్లగా విచ్చిన పొద్దునే కోసేస్తాం. అవి వాడిపోయేదాకా చెట్టు మీద ఉండటం నేనెన్నడూ చూడలేదు. ఆ రోజు ఒక్క చెయ్యీ పడలేదు. గాలి లేదు, పిట్ట లేదు. గట్టు నుంచి గట్టు దాకా పువ్వులన్నీ ఎర్రబారి, మూసుకుని, అలాగే ఉన్నాయి.