మైనా కాలి వాపు కోసం నాంపల్లి దాకా

ఐటీ ఆఫీసులో పనిచేసే మా మనవరాలు వచ్చే ఆదివారం స్నేహితులతో కలిసి శివార్లలో గుర్రాల ఫారం చూడబోతోందట. వాళ్లలో ఒకాయన పిల్ల గుర్రాన్ని కొంటాడట కూడా. అందుకే డెబ్భైల్లో నేను చేసిన ఒక్కరోజు ప్రయాణం గురించి రాస్తున్నాను. నా చదువు ఐదో తరగతి. తప్పులుంటే నవ్వుకోండి, మిమ్మల్ని చూసి నేనూ నవ్వుతూనే ఉంటాను.

అప్పట్లో కొండాపూర్ అవతల రాళ్లగుట్టల మధ్య ఒక దొరకు పందెపు గుర్రాల ఫారం ఉండేది. వాటికి మేత, మాలీషు చూసే సాయీసుని నేను. ఏడాదిన్నర ఆడ గుర్రప్పిల్ల మైనాకు వెనకకాలి కీలు నీళ్లు నిండినట్టు ఉబ్బింది. ఆ సాయంత్రమే దాన్ని కొనడానికి ఒక సేటు వస్తున్నాడు. "చెరువుల నిలబెడితే వాపు దిగుతది" అన్నాడు దొర. "కాలు మంచిగైతదా దొరా?" అని అడిగాను. "అమ్మినంక నీకెందుకురా ఫికర్?" అన్నాడు. కడుపు మండిపోయింది. మేనత్త పోయిందని చెప్పి తెల్లారకముందే బయల్దేరాను. ఆ మేనత్తను అప్పటికే రెండుసార్లు చంపి ఉన్నాను.

హఫీజ్‌పేట్ స్టేషన్‌కు నడక గంట. ఏడింటి ప్యాసింజరుకు టికెట్టు అర్ధరూపాయి, తొమ్మిదికల్లా నాంపల్లి. అక్కడ రిక్షా ఎక్కి, "పశువుల దవాఖానకు పోనియ్యన్నా, మా పిల్లకు కాలు ఉబ్బింది" అన్నాను.

"పిల్లకైతే పెద్ద దవాఖానకు పోవాలె గదా?"

"మా పిల్ల గడ్డి తింటది లే."

డాక్టరు కోస్తా వైపు మనిషి. వాపు సంగతంతా విన్నారు. "చూడకుండా ఖాయంగా చెప్పలేనండి. దాణా ఎంత పెడుతున్నారు?"

"దొర ఆరు సేర్లన్నడు సారూ. ముద్దొచ్చి నేను ఎనిమిది పెడుతున్న."

ఆయన కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. "ఒళ్లు పెరిగినంత వేగంగా ఎముక గట్టిపడదండి. కీలులో మెత్తటి పొర ఎముకగా మారకుండానే చిట్లుతుంది. ఇప్పుడు పరిగెత్తిస్తే జన్మంతా కుంటుతుంది. దాణా తగ్గించి, ఆరు నెలలు పచ్చికలో వదిలేయండి."

దొర మీది కోపంలో సగం నా మీదికే తిరిగింది.

మధ్యాహ్నం బండిలో తిరిగొచ్చేసరికి నాలుగయింది. మైనా ఇంకా తొడల్లోతు నీళ్లలో వణుకుతోంది. సేటు రాగానే దాన్ని బయటికి తెమ్మన్నాడు దొర. కాలు సన్నగా, చక్కగా ఉంది. సేటు చెయ్యి జేబులోకి పోతోంది.

"జర చాయ్ తాగుండ్రి సేటూ. గుర్రం గుణం తెల్వాలంటే గంటసేపు చూడాలె" అన్నాను.

దొర కళ్లెర్రజేశాడు. నేను మైనా తల్లి కథ, దాని తాత కథ, అవి అయిపోయాక దొర మామగారి కథ కూడా చెప్పాను. రెండో చాయ్ అయ్యేసరికి చెరువు నీళ్ల చల్లదనం పోయి, కీలు మెల్లగా మళ్లీ ఉబ్బింది.

"ఏందిది?" అన్నాడు సేటు.

"అది గూడ చాయ్ తాగినట్టుంది."

సేటు కారెక్కి వెళ్లిపోయాడు. దొర నన్ను అప్పుడే వెళ్లగొట్టాడు. "ఈ కుంటిదానికి ఇగ గింజలు గూడ దండగ" అంటూ మైనాను గుట్టల వెనక పచ్చికలోకి తోలించాడు. డాక్టరు చెప్పిన వైద్యం అదేనని నేను ఆయనకు చెప్పలేదు.

ఎముకలు ముదరని పిల్లల్ని గింజలతో ఉబ్బించి, బరువెక్కించి, గెలవలేదని తిట్టేవాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ రెండు సేర్లు ఎక్కువ పెట్టిన నా చెయ్యిని కూడా వదిలిపెట్టను. కొనబోయేవాళ్లు ఫారం వాళ్లకు ముందు చెప్పకుండా వెళ్లండి. పిల్ల గుర్రం కాళ్లు తడిగా ఉంటే, అవి ఆరి ఇంకో గంట గడిచేదాకా బేరం మాట్లాడకండి.