ఒకే పాటకు తొమ్మిదో గొంతు

సౌదీలోని రాబిగ్ పాత సామాన్ల బజారులో ముల్లు లేని రికార్డు ప్లేయరును, అదీ రెండు గంటలు బేరమాడి, గెలిచానని మీసం తిప్పుకుంటూ కొన్న ఘనత నాది. ప్రొద్దుటూరులో మూడు తరాలుగా పప్పుల కొట్టు నడిపిన వంశంలో పుట్టాను. ఇక్కడొక కంపెనీలో కొనుగోళ్ళ విభాగం చూస్తున్నాను. సిమెంటు బస్తా మొదలు చేతులు తుడుచుకునే కాగితం దాకా ధర తగ్గనిదే సంతకం పెట్టను. అటువంటి నా చేత ఇంత సలక్షణమైన తెలివితక్కువ పని చేయించిన ఏకైక వ్యక్తి, ఆ బజారులో ముప్పై ఏళ్ళకు పైగా పాత సామాన్లు అమ్మిన మస్తాన్ వలీ గారు, మొన్న శుక్రవారం రాయచోటిలోని స్వగృహంలో కన్నుమూశారు.

ఆ వార్త వచ్చినప్పుడు నేనొక పాకిస్తానీ వర్తకుడితో ఇనుప పైపుల ధర మీద యుద్ధం చేస్తున్నాను. ఫోనులో ఆయన కూతురు షాహీనా గొంతు. “అన్నా, అబ్బా పోయినారన్నా. పొద్దున నమాజు చేసుకోని పండుకున్నారు. మళ్ళ లేయల్యా.” ఫోను పెట్టేసి, వర్తకుడు చెప్పిన ధరకు సరేనని తలూపాను. లాభం వచ్చినందుకు సంతోషించాల్సిన మనిషి బెదిరిపోయాడు. “క్యా హువా శెట్టీ సాబ్? తబియత్ ఠీక్ హై?” అని నీళ్ళ సీసా ముందుకు జరిపాడు. నేను ఒక్కమాట మీద ఒప్పుకోవడం అతను ఎన్నడూ చూసి ఎరుగడు.

రాబిగ్ తెలుగువారికి మస్తాన్ మామను పరిచయం చేయనక్కరలేదు. కొత్తగా దిగినవాడికి మంచం, వెళ్ళిపోయేవాడి ఫ్రిజ్జుకు గిరాకీ ఆయన దగ్గరే దొరికేవి. కానీ ఆ దుకాణం వెనక గదిలో ఉన్నదేమిటో తెలిసినవారు తక్కువ. తెలియనివారి కోసమే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ ప్లేయరు సంగతి ముగిస్తాను. విదేశీ ఉద్యోగులు కాపురముండే కంపెనీ కాంపౌండులో ఒక అమెరికా ఇంజనీరు అటువంటిది కావాలని వెతుకుతున్నాడు. చవకగా కొని ఆయనకు అంటగట్టాలన్నది నా పథకం. పెట్టెకు గీతలున్నాయన్నాను, మూత వదులన్నాను, తీగ పాతదన్నాను. మామ అన్నిటికీ తల ఊపి ధర తగ్గిస్తూ పోయారు. ఇంటికి తెచ్చి మూత తెరిస్తే ముల్లు లేదు. పరిగెత్తాను.

“మామా, దీనికి ముల్లేదీ?”

“ముల్లు అడగల్యా గదా నువ్వు. గీత అన్నావు, మూత అన్నావు, వైరు అన్నావు. అన్నీ ఒప్పుకుంటి. ముల్లు మాట నువ్వెత్తల్యా, నేనెత్తల్యా.”

“సరే, ముల్లెంత?”

“నువ్వు తగ్గించిందంత.”

నోరు మూసుకొని ఇచ్చాను. ఆ వారమే ఇంజనీరు ఫైనల్ ఎగ్జిట్ మీద, అంటే ఇక తిరిగి రాకుండా, స్వదేశం వెళ్ళిపోయాడు. ప్లేయరు నాకే మిగిలింది. నా ముఖం చూసి మామకు జాలి కలిగినట్టుంది. “కొన్నావు గదా శెట్టీ, ఇంగ వినుకో. ప్లేట్లు నా కాడ ఉండాయి. శుక్కురారం రా,” అన్నారు.

అలా మొదలైంది ఆ సాంగత్యం. వెనక గదిలో చెక్క అలమరల నిండా రికార్డులు. కాంపౌండ్లు ఖాళీ చేసి వెళ్ళే పాశ్చాత్య కుటుంబాలు సోఫాలతో పాటు వదిలేసినవి. వారి తల్లిదండ్రుల కాలం నాటి గాయనీగాయకులు, అంటే గత శతాబ్దం నడిమి భాగంలో జనం నెత్తిన పెట్టుకున్న గొంతులు. వాళ్ళు పాడినవి చాలావరకు రంగస్థలం పాటలు. అమెరికాలో సంగీత నాటకాల కోసం ఎవరో రాసినవి, ఎవరో వేదిక మీద మొదట పాడినవి. నాటకం ఆగిపోయినా పాట ఆగలేదు. ఆ తర్వాత వచ్చిన ప్రతి గాయకుడూ వాటినే మళ్ళీ రికార్డు చేశాడు. మామ దగ్గర ఒక్క పాటే ఎనిమిది గొంతుల్లో ఉండేది. ఆయన ఆ ఎనిమిదింటినీ వరసగా పెట్టేవారు, నన్ను వినమనేవారు.

నాకది వింతగా తోచింది. మన సినిమా పాటకు ఒక గొంతు ఖాయమైపోతుంది. దానినే మరొకరు పాడితే అనుకరణ అంటాం. ఇంతమంది మహా గాయకులు ఒకరి ఎంగిలి ఒకరు ఎందుకు తిన్నారని ఉండబట్టలేక అడిగాను.

మామ నవ్వారు. “ఎంగిలి యాడిది శెట్టీ? నువ్వు కాంట్రాక్టు నాటకం సూళ్ళేదా? మా నాయన ఆడేటోడు. ఒకే నాటకం, ముగ్గురు రాజులు. మొదటి సీనుకు మదనపల్లె రాజు, అడవి సీనుకు మా నాయన, ఆఖరుకు కదిరి రాజు. పద్యం అందురికీ ఒగటే. జనం పద్యానికి రారు. ఈయప్ప ఎట్ల ఎత్తుకుంటాడు, యాడ దించుతాడు, అది సూసేకి వస్తారు. బాగుంటే వన్స్‌మోర్. ఇదీ అంతే. వీళ్ళు పద్యం పాడేటోళ్ళు.”

అమెరికా నాటకశాలను తీసుకువచ్చి రాయచోటి తిరునాళ్ళ పందిట్లో నిలబెట్టిన ఆ పోలిక ముందు నేను చదివిన ఏ వివరణా నిలవలేదు. అయితే ఆయన తీర్పులన్నీ శిరోధార్యాలని అనుకోవద్దు. కవరు పోయిన ఒక ప్లేటులోని మంద్రస్వరాన్ని ఏడాది పాటు “బొంగురు గొంతు అన్న” అంటూ మెచ్చుకున్నారు. ఒకనాడు నేను ఫోనులో వెతికి, ఆ అన్న ముత్యాల దండ వేసుకున్న నిండు ముత్తైదువని ఫోటో చూపించాను. మామ కళ్ళద్దాలు తుడుచుకొని చాలాసేపు చూశారు. “ఆడమనిషా? అయితే ఇంగా బాగుండాది,” అన్నారు. ఓడిపోవడం కూడా ఆయనకు లాభసాటిగానే ఉండేది.

గాయకులను ఆయన దుకాణదారులుగా వర్గీకరించేవారు. ఒకాయన సరుకంతా గాజు అద్దాల్లో పెట్టి చూపేవాడు. ఒకాయన ఉన్నదాన్ని బల్ల కింద దాచి, అడిగినవాడికే తీసేవాడు. ఒకావిడ తూకం ముగిశాక దోసెడు కొసరు వేసేది. పాట అయిపోయిందనుకున్న చోట ఆమె సన్నగా ఒక స్వరం సాగదీసినప్పుడు మామ నా మోకాలు తట్టేవారు. “సూడు, పడింది కొసరు!” మా కొట్టులో కొసరు వేయడానికి మా నాయన చెయ్యి వణికేదని చెబితే, “అందుకే మీ కొట్లో పాట ల్యా,” అన్నారు.

అజాన్ వినబడగానే పాట ఎక్కడున్నా ముల్లు ఎత్తేవారు. నమాజు ముగించి వచ్చాక మధ్య నుంచి అందుకోరు, మొదటి నుంచే పెట్టాలి. నాకు తొందర అంటే, “తొందరున్నోడు కొత్త సామాను కొనుక్కోవాల,” అనేవారు.

ఒక విషయంలో మాత్రం ఆయన పట్టుదల నాకు అంతుబట్టలేదు. పాటల అర్థం చెప్పనిచ్చేవారు కాదు. ఆయనకు ఇంగ్లీషులో ధరలు, కొలతలు, తిట్లు వచ్చు, పాట మాటలు అందవు. నేను నోరు తెరిస్తే చెయ్యి అడ్డం పెట్టేవారు. “సెప్పొద్దు. అర్థం తెలిస్తే రేటు పడిపోతాది.” ఎనిమిది గొంతుల్లో ఆ పాట ఏ సంగతి మోస్తోందో తెలియకుండానే ఆయన దాని ప్రతి మలుపునూ కంఠస్థం చేశారు.

నిరుటి ఎండలకు ముందు ఆయన గొంతు బొంగురుపోయింది. దుమ్మనుకున్నాం. జిద్దా ఆసుపత్రిలో పరీక్షించి స్వరపేటికలో పుండు ముదిరిందని, తీసివేయక తప్పదని, ఆ తర్వాత మాట రాదని చెప్పారు. తిరిగి వచ్చే దారిలో కారులో ఆయన కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి. ఎర్రసముద్రం కనబడే మలుపు దగ్గర నా వైపు తిరిగారు.

“శెట్టీ, నాకొగటి తెలుసుకోవాలనుండాది.”

“చెప్పు మామా.”

“నా గొంతు తీసేయకముందు ఆ పాట ఒగసారి పాడాల. పదేండ్లప్పుడు మా నాయన ముందర పద్యం ఎత్తుకుంటే, నీది సంతలో అరిసే గొంతురా, పందిట్లోకి పనికిరాదన్నాడు. ఆయన మాట మీద మళ్ళ నోరెత్తల్యా. అరిసి అరిసి సామాన్లే అమ్ముకుంటి. ఇంతమంది పాడినారు గదా, వాళ్ళ నడుమ నేను యాడ నిలబడతానో సూడాల. పోయినాక సూసేకి గొంతుండదు.”

ఆయనను వేధించినది ప్రాణభయం కాదు. యాభై ఏళ్ళుగా తేలని ఆ సందేహం తేలకుండానే పోతుందేమోనన్న బెంగ.

ఆపరేషనుకు ముందు శుక్రవారం ఉదయం, జుమ్మా దాకా బజారు మూసి ఉంటుంది కాబట్టి, దుకాణంలోనే ఏర్పాటు చేశాం. బయటి చప్పుడు రాకుండా అమ్మకానికున్న పరుపులన్నీ గోడలకు నిలబెట్టాం. ఫ్రిజ్జుల రొద పడకూడదని వాటి ప్లగ్గులు పీకాం, ఏసీ ఆపాం. రాబిగ్ ఎండలో ఆ గది ఇటుకబట్టీ అయింది. మామ ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీ తొడుక్కొని వచ్చారు. గోరువెచ్చని నీళ్ళు పుక్కిలించి, రికార్డు చేయడానికి ఫోను పట్టుకున్న నా వైపు చూసి, ఎన్నడూ అడగనిది అడిగారు.

“ఇప్పుడు సెప్పు. ఏమంటాండాది ఆ పాట?”

ఫోను దించాను. మెల్లగా చెప్పాను. “నువ్వు రావని తెలుసు. అయినా తలుపు గడియ వేయలేదు. అంతే మామా, తిప్పి తిప్పి అదే.”

“అంతేనా?”

“అంతే.”

“ఇంత సిన్న మాటకా వీళ్ళంతా అంత జేసినారు!” అంటూ పరుపుకు ఆనుకున్నారు. కాసేపటికి ఆయన ముఖం విప్పారింది. “సిన్న మాట గనకనే శెట్టీ. అందుకే అంతమందికి సరిపోయిండాది.”

ఎత్తుకున్నారు. విన్న శబ్దాన్ని విన్నట్టే, రాయచోటి యాసలో ఇంగ్లీషు. చివరి మాట దగ్గర మాత్రం ఏ అమెరికా గాయకుడూ వెళ్ళని దారి పట్టి, పద్యం ముగింపులో నటుడు తీసే రాగం తీశారు. చెమట గడ్డం మీదుగా కారుతోంది. ముగిశాక వినిపించబోయాను.

“ఇప్పుడొద్దు. ఇప్పుడు వింటే బాగల్యా అని మళ్ళ పాడ బుద్ధయితాది. గొంతు పోయినాక వింటా. అప్పుడు బేరానికి తావుండదు.”

అన్నట్టే చేశారు. ఆపరేషను అయి, మెడకు కట్టుతో తిరిగి వచ్చాక, ఒక శుక్రవారం నన్ను పిలిపించి ఎనిమిది ప్లేట్లూ వరసగా పెట్టారు. తొమ్మిదోదిగా ఫోను. కళ్ళు మూసుకొని విన్నారు. ముగిశాక కనుబొమలెగరేసి నా తీర్పు అడిగారు.

“మూడో స్థానం మామా,” అన్నాను.

తల అడ్డంగా ఆడించారు.

“సరే, ఐదు.”

ఫోను తీసుకొని తెలుగులో అక్షరం అక్షరం కూర్చి నా ముందు పెట్టారు. “నన్ను సూసి సెప్పొద్దు. విని సెప్పు.”

మళ్ళీ పెట్టించుకొని, ఈసారి నేనూ కళ్ళు మూసుకొని విన్నాను. జీవితంలో అంత కష్టమైన ధర ఎవరికీ చెప్పలేదు.

“ఆఖరు మామా.”

శబ్దం లేకుండా నవ్వారు. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. నా వీపు చరిచి మళ్ళీ రాశారు. “మా నాయన తప్పు సెప్పల్యా. అయినా పాట నాకూ సరిపోయింది.” సందేహం తీరిన మనిషి ముఖం ఎంత నిర్మలంగా ఉంటుందో ఆ రోజు చూశాను. ఆ తర్వాతి నెలలో ఫైనల్ ఎగ్జిట్ తీసుకొని ఊరు చేరారు. చివరి దాకా ఉల్లాసంగానే ఉన్నారని షాహీనా చెప్పింది.

ఇక చివరి లెక్క. చనిపోయినవారికి లేని గొప్పలు అంటగట్టడం మన ఆచారం. మామ విషయంలో ఆ పని చేస్తే ఆయన ఆత్మ నన్ను క్షమించదు. కనుక ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. గాయకుడిగా మస్తాన్ వలీ గారు తొమ్మిది మందిలో తొమ్మిదోవారు. రెండుచోట్ల శ్రుతి జారింది, ఒకచోట ఊపిరి చాలలేదు, చివరి రాగం పాటకు అతకలేదు. వినేవారిగా ఆయనది మొదటి స్థానం. దాని కింద రెండో పేరు రాద్దామని చాలాసేపు కలం పట్టుకొని కూర్చున్నాను. నా పేరు రాసుకోవడానికి చెయ్యి రాలేదు, ఇంకొకరి పేరు తట్టలేదు. ఆ చోటు ఖాళీగానే ఉంది. ఇందులో తగ్గించడానికి ఏమీ లేదు.