మూడో లెవెల్ చివర

దయ్యాల కబుర్లు చెప్పుకునే ఇల్లు కాదు మాది. ఎవరైనా మొదలుపెడితే నేను లేచి వెళ్లిపోతాను. ముప్పై ఏళ్లు ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేశాను. ఇనుము ఎందుకు ఎలా మోగుతుందో నాకు ఒకరు చెప్పనక్కర్లేదు.

ఒకప్పుడు మలంచా రోడ్డులో మా మేడను చూపించి దారి చెప్పేవారు. మా తాత రాగి గనిలో సొరంగాలు తవ్వించే కాంట్రాక్టరు. పూర్వకాలం వాళ్లు గుంతలు తవ్వి వదిలేసిన కొండ అది. దాని పక్కన నిలువు బావిలా షాఫ్టు దింపి, రాయిని పేలుస్తూ అంతస్తుల్లా ఒక్కో లెవెల్ కిందికి దిగారు. మూడో లెవెల్లో తాత పని ఆపేశాడు. ఎదుటి రాయి వెనక పాత గుంతల నీళ్లున్నాయి, మనుషుల్ని పంపనన్నాడు. పిరికివాడని రాసి కంపెనీవాళ్లు కాంట్రాక్టు తీసేశారు. మేడ పోయింది. ఇప్పుడు నేనూ మా అక్కా అదే రోడ్డులో రెండు గదుల్లో అద్దెకుంటున్నాం. మేడ పోయినా సహించాను కానీ, ఆ మాట సహించలేదు.

మొన్న చలికాలంలో ఒక ఆదివారం పొద్దున హిజ్లీ కాంపస్ నుంచి సుజాత అనే అమ్మాయి వచ్చింది. కరీంనగర్ వైపు పిల్ల. ఆ గని చరిత్ర మీద పరిశోధన చేస్తోంది. గని ప్లాను జెరాక్స్ కాపీ బల్ల మీద పరిచింది.

"సార్, రికార్డుల ఉన్నదే రాయాలె. మీ తాత భయపడి పని ఆపిండని ఉంది" అంది తల దించుకుని.

"రాయి తట్టి సూసే ఆపినాడమ్మా" అన్నాను. గట్టి రాయి ఖంగుమంటుంది. వెనక బోలుంటే మొద్దుగా పలుకుతుంది. తాత వాడిన ఇనుప కడ్డీ తెచ్చి, ప్లాను మీద మూడో లెవెల్ గీత వెంట తట్టి చూపించాను. టక్, టక్. గీత చివర దాటగానే చప్పుడు మారింది. ఖాళీ డ్రమ్ము మీద కొట్టినట్టు, ఎక్కడో లోతు నుంచి.

"ఏటిరా, బల్ల ఇరగ్గొడతన్నావా?" అంటూ అక్క వంటింట్లోంచి వచ్చింది. సంగతి చెప్తే నవ్వింది. "నీలాగే పుచ్చిపోనాది బల్ల. నేల మీదెట్టి కొట్టు."

ముందు కాగితాన్ని జానెడు పక్కకు జరిపాను. ఇందాకటి చోట బల్ల మామూలుగా పలికింది. కాగితం మీద ఆ చోటు మళ్లీ బోలుగానే పలికింది. తీసి సిమెంటు నేల మీద పరిచాను. అంతటా ఖంగుమంది, అక్కడ తప్ప. ముగ్గురం విన్నాం.

"ఇంకొద్దురా, తియ్" అంది అక్క.

సుజాత బ్యాగులోంచి ఇంకో కాగితం తీసింది. గని మూసేముందు వేసిన బోరు రికార్డు. ముందురోజే దొరికిందట, ఇంకా ప్లానుతో సరిచూడలేదట. మూడో లెవెల్ చివర దాటాక నీళ్లు ఎగజిమ్మాయని ఉంది. స్కేలు పెట్టి కొలిచి పెన్సిలుతో చుక్క పెట్టింది. అది నా కడ్డీ చేసిన గాటు మీదే పడింది.

"మీ తాత చెప్పింది నిజమే సార్. ఆ మాట మారుస్త" అంది.

మా నాన్న వినకుండానే పోయిన మాట అది. నాకు సంతోషం రాలేదు. కడ్డీ నేల మీద పెట్టేశాను.

తర్వాత ఇంటి ఓనరు బెంగాలీ దాదాను అడిగాను. ఆ గది కింద తొట్టి లేదు, కాలువ లేదు. ఉన్నా, కాగితంతో పాటు చప్పుడెలా జరుగుతుంది? పైన పల్చటి కాగితం, కింద సిమెంటు. ఆ రెంటి మధ్య అంత లోతు ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు.